శరీరానికి ప్రకంపన – బహిరంగ స్థలానికి స్పందన
దివ్యాంగుల రాకపోకలకు పరికరం ఒక్కటే చాలదు

(డిసెంబరు 3 అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రదీపం వెలిగిందా, పచ్చదీపం వెలిగిందా అన్నది చూపున్నవారికి రెప్పపాటులో తెలిసే సంగతి. చూపు లేనివారు అదే సంగతిని వాహనాల చప్పుడును బట్టి ఊహించుకోవలసి ఉంటుంది. విద్యుత్ వాహనాల రాకతో ఆ చప్పుడు కూడా తగ్గుముఖం పడుతున్నది. చూపుతో పాటు వినికిడి కూడా లోపించిన అంధబధిరులకైతే ఊహకు సైతం ఆధారం ఉండదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది దివ్యాంగులు ఉన్నారు. వారిలో చూపు లోపం గలవారు సుమారు 50 లక్షలు, వినికిడి లోపం గలవారు కూడా దాదాపు అంతే సంఖ్యలో ఉన్నట్లు ఆ లెక్కలు తెలుపుతున్నాయి.

కంటికి, చెవికి అందని సమాచారాన్ని చర్మానికి అందించే సాంకేతిక పరిజ్ఞానం నేడు అందుబాటులోకి వచ్చింది. చేతి గడియారం, నడుము పట్టీ, పాదరక్ష వంటి ధరించే వస్తువులలో అమర్చిన చిన్న యంత్రం అదిరి, ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో తెలియజేస్తుంది. ఇటువంటి పరికరాలను గురించి పత్రికలలో వార్తలు తరచుగా వస్తూనే ఉన్నాయి. అయితే ఈ వార్తలలో ఒక ముఖ్యాంశం మరుగున పడిపోతున్నది. పరికరం అడిగే ప్రశ్నకు కూడలి, బస్సు, రైల్వే స్టేషను సమాధానం చెప్పగలిగినప్పుడే ఆ పరికరానికి సార్థకత. ఆ సమాధానాన్ని ఏర్పాటు చేయవలసినది పరికరం కొనుక్కున్న వ్యక్తి కాదు. రహదారిని, రవాణాను, పట్టణాన్ని నిర్వహించే సంస్థలు.

ప్రకంపన పనిచేసే తీరు

సభలోనో, ఆసుపత్రిలోనో సెల్‌ఫోనును వైబ్రేషన్‌లో పెట్టుకోవడం అందరికీ అలవాటే. పాత తరహా ఫోనులో ఒక చిన్న మోటారు, దాని ఇరుసుకు ఒక పక్కకు ఒరిగిన చిన్న బరువు ఉంటాయి. మోటారు తిరిగినప్పుడు బరువు సమంగా లేనందువల్ల ఫోనంతా అదురుతుంది. ఇటీవలి కాలపు గడియారాలలోనూ, అనేక ఫోన్లలోనూ బరువు గుండ్రంగా తిరగడానికి బదులు స్ప్రింగుపై ముందుకు, వెనుకకు కదులుతుంది. ఇది చప్పున మొదలై చప్పున ఆగగలదు. అందువల్ల వేలితో తట్టినంత స్పష్టమైన సంకేతం ఇవ్వడం సాధ్యమవుతున్నది.

ఈ అదురును గ్రహించేవి చర్మపు లోపలి పొరలలోని నాడీ గ్రాహకాలు. వీటిలో ఇటలీ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు ఫిలిప్పో పచీని పేరుతో వ్యవహరించే గ్రాహకాలు సెకనుకు 200 నుంచి 300 కంపనాల ప్రాంతంలో మిక్కిలి సున్నితంగా స్పందిస్తాయి. పరికరాల రూపకర్తలు సాధారణంగా ఈ పరిధికి చేరువలో ఉండే కంపనాన్నే ఎంచుకుంటారు.

చర్మానికి పరిమితులు కూడా ఉన్నాయి. వేలి కొసపై 2, 3 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు స్పర్శలను మనిషి వేరువేరుగా గుర్తించగలడు. వీపుపై అయితే ఆ ఎడం సుమారు 4 సెంటీమీటర్లు ఉండాలి. ఎడతెగకుండా అదిరే పరికరానికి చర్మం కొద్దిసేపటిలోనే అలవాటుపడి దానిని పట్టించుకోవడం మానేస్తుంది. నడుస్తున్నప్పుడు శరీరపు కదలికలోనే బలహీనమైన సంకేతాలు కలిసిపోతాయి. అందువల్ల ప్రకంపనల ద్వారా పొడవైన సందేశాలు పంపడం కుదరదు. ఆగు, సాగు, ఎడమ, కుడి, చేరుకున్నారు వంటి కొద్దిపాటి సంకేతాలు, అవి కూడా పొట్టివిగా, ఒకదానితో ఒకటి పోలిక లేనివిగా ఉండాలి.

కుర్చీ నుంచి పాదరక్ష వరకు

చర్మం ద్వారా దృశ్యాన్ని తెలుపవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. 1969లో అమెరికా శాస్త్రవేత్త పాల్ బాక్-ఇ-రీటా బృందం తమ ప్రయోగ ఫలితాలను 'నేచర్' పత్రికలో ప్రకటించింది. దంతవైద్యుల కుర్చీ వీపుభాగంలో 400 చిన్న ప్రకంపన సాధనాలను అమర్చి, వాటిని టెలివిజన్ కెమెరాకు అనుసంధానించారు. కెమెరా చూసిన ఆకారం కూర్చున్నవారి వీపుపై అదురుగా ముద్రపడేది. చూపు లేనివారు సాధన మీద ఎదుటి వస్తువులను గుర్తించగలిగారు. 2005లో జర్మనీలోని ఓస్నాబ్రూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎల్లవేళలా ఉత్తర దిక్కునే అదురు ద్వారా తెలిపే నడుము పట్టీపై అధ్యయనాన్ని ప్రచురించారు. గదినిండా పరికరాలు కావలసిన పని ఆనాటికి నడుముకు చుట్టుకొనే స్థాయికి వచ్చింది.

ఈ పరిణామంలో తెలుగు నేలకూ భాగముంది. అనిరుధ్ శర్మ 2011లో రూపొందించిన పాదరక్ష నమూనాను ఆధారం చేసుకొని, క్రిస్పియన్ లారెన్స్‌తో కలిసి ఏర్పాటు చేసిన సికింద్రాబాద్‌లోని డ్యూసెర్ టెక్నాలజీస్ సంస్థ 'లేచల్' అనే పాదరక్షను తీర్చిదిద్దింది. హిందీలో 'నన్ను తీసుకుపో' అన్న అర్థం వచ్చే ఈ పేరుతో 2014లో అది దేశవిదేశాల పత్రికల దృష్టిని ఆకర్షించింది. గమ్యాన్ని ఫోనులో నమోదు చేస్తే, ఎడమకు తిరగవలసిన చోట ఎడమ పాదరక్ష, కుడికి తిరగవలసిన చోట కుడి పాదరక్ష అదురుతుంది. చెవులు ఖాళీగా ఉండటం దీనిలోని ప్రధాన ప్రయోజనం. చూపు లేనివారికి చెవులే కళ్ళు గనుక, వాటిని ఇయర్‌ఫోన్లతో మూసివేయడం ప్రమాదకరం. ఈ పాదరక్షలను హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ సహకారంతో పరీక్షించారు.

అదే సంవత్సరంలో ఢిల్లీ ఐ.ఐ.టి. రూపొందించిన 'స్మార్ట్‌కేన్' విడుదలైంది. సాధారణ తెల్లకర్ర మోకాలి కింది అడ్డంకులను మాత్రమే పసిగట్టగలదు. తలకు తగిలే చెట్టుకొమ్మ, గోడ నుంచి ముందుకు పొడుచుకువచ్చిన బోర్డు, ఆగివున్న లారీ వెనుకభాగం కర్రకు అందవు. ఈ కర్ర పిడిలో అమర్చిన సాధనం చెవికి వినిపించని శబ్ద తరంగాలను పంపి, 3 మీటర్ల దూరంలోపు అడ్డంకులను కనుగొని, దూరాన్ని బట్టి వేర్వేరు తీరులలో అదురుతుంది. ఇది చేతితో పట్టుకొనేదే అయినా ధరించే పరికరాలకు మూలమైన సూత్రమే దీనికీ మూలం.

పరికరానికి తెలియనివి

ఇంతటి ప్రగతి సాధించినా పరికరానికి స్వయంగా తెలియని విషయాలు ఎన్నో ఉన్నాయి. దారి చూపే ఫోను ఉపగ్రహ సంకేతాలపై, అంటే జి.పి.ఎస్.పై ఆధారపడుతుంది. ఆరుబయట ఆకాశం స్పష్టంగా కనిపించే చోట కూడా ఫోను జి.పి.ఎస్.లో సుమారు 5 మీటర్ల తేడా ఉండటం సహజం. కారులో వెళ్ళేవారికి ఇది లెక్కలోనిది కాదు. నడిచే అంధునికి మాత్రం కాలిబాటకు, వాహనాలు పరుగెత్తే రోడ్డుకు మధ్య ఉన్న దూరమే అంత. ఎత్తైన భవనాల మధ్య ఈ తేడా మరింత పెరుగుతుంది. భూగర్భ మార్గాలలో, స్టేషను లోపల సంకేతమే అందదు.

అంతేకాక, కూడలిలో ఏ దీపం వెలిగిందో ఉపగ్రహానికి తెలియదు. ఆగిన బస్సు సంఖ్య, దాని తలుపు ఉన్న వైపు, లిఫ్టు పనిచేస్తున్నదా లేదా అన్న సంగతి దానికి తెలియవు. ఇవన్నీ ఆయా స్థలాలకు మాత్రమే తెలిసిన విషయాలు. ఆ స్థలాలు తమకు తెలిసినదానిని చెప్పేటట్లు చేయడమే 'స్పందించే బహిరంగ స్థలం' అన్న భావనకు అర్థం.

సమాధానం చెప్పే స్థలాలు

ఇటువంటి స్థలాలకు తొలిమెట్టు విద్యుత్తు అక్కరలేని ఒక పలక. జపాన్‌కు చెందిన సెయిచీ మియాకే 1965లో ఉబ్బెత్తు గుర్తులు గల నేలపలకను కనుగొన్నారు. 1967 మార్చి 18న ఒకయామా నగరంలోని అంధుల పాఠశాల సమీపంలో వాటిని తొలిసారిగా పరిచారు. పొడవాటి గీతలుంటే సాగమని, గుండ్రని బొడిపెలుంటే ఆగి జాగ్రత్త పడమని అర్థం. హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో కనిపించే పసుపు పలకలు ఆ సంప్రదాయంలోనివే. నేలపై కర్ర తాకిడిని, పాదానికి కలిగే స్పర్శను ఉపయోగించుకొనే ఈ భాష నేటికీ ప్రపంచమంతటా చెల్లుబాటవుతున్నది.

రెండవ మెట్టు అదిరే సిగ్నలు. 1980 దశకంలో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రూపుదిద్దుకొన్న పాదచారుల మీటలో ఉబ్బెత్తు బాణం గుర్తు ఉంటుంది. బాణం దాటవలసిన దిక్కును చూపుతుంది. దాటవచ్చునన్న సంకేతం వచ్చినప్పుడు మీట శబ్దం వేగం పుంజుకొంటుంది. దానితో పాటే ఆ పలక వేగంగా అదురుతుంది. పరిసరాల సందడిని బట్టి శబ్దం తనంతట తాను హెచ్చుతగ్గులవుతుంది. దానిపై చేయి ఆనించిన అంధబధిరునికి ఏ పరికరమూ లేకుండానే విషయం తెలిసిపోతుంది. బ్రిటన్‌లో అనేక సిగ్నళ్ళ మీటపెట్టెల అడుగుభాగాన వేళ్ళకు అందే చిన్న గరుకు శంకువు ఉంటుంది. పచ్చదీపం వెలిగినప్పుడు అది గిర్రున తిరుగుతుంది.

మూడవ మెట్టు మనిషిని గుర్తించి స్పందించే స్థలం. సింగపూర్ 2009లో ప్రవేశపెట్టిన 'గ్రీన్ మ్యాన్ ప్లస్' పథకం ఇందుకు మంచి ఉదాహరణ. వృద్ధులు, దివ్యాంగులు తమ కార్డును సిగ్నలు స్తంభానికి తాకిస్తే, ఆ కూడలి వెడల్పును బట్టి పచ్చదీపం 3 నుంచి 13 సెకన్ల వరకు అదనంగా వెలుగుతుంది. ఇక్కడ మనిషి తన వేగాన్ని పెంచుకోవలసిన పని లేదు. కూడలే తన వేగాన్ని తగ్గించుకొంటుంది.

నాలుగవ మెట్టు స్టేషను లోపలి మార్గదర్శనం. 2015లో లండన్ భూగర్భ రైలు వ్యవస్థలోని పిమ్లికో స్టేషనులో 'వేఫైండర్' అనే పథకాన్ని పరీక్షించారు. గోడలకు అమర్చిన చిన్న బ్లూటూత్ పెట్టెలు తమ గుర్తింపు సంఖ్యను నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. దానిని అందుకొన్న ఫోను తానెక్కడున్నదీ తెలుసుకొని, ఎన్ని మెట్లున్నాయో, ఎటు తిరగాలో మాటల ద్వారా తెలుపుతుంది. అదే సమాచారాన్ని చేతి గడియారం ప్రకంపనగా మార్చి ఇవ్వడానికి సాంకేతికంగా ఆటంకమేమీ లేదు. ఈ తరహా శబ్ద మార్గదర్శనానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2017లో ఎఫ్.921 అనే ప్రమాణాన్ని వెలువరించింది.

మన దేశంలో ఢిల్లీ ఐ.ఐ.టి. రూపొందించిన 'ఆన్‌బోర్డ్' వ్యవస్థ ఈ కోవకు చెందినదే. స్టాపులో నిలుచున్న అంధ ప్రయాణికుడు తన చేతిలోని సాధనం మీటను నొక్కితే, సమీపంలోని బస్సుల సంఖ్యలు అతనికి వినిపిస్తాయి. తనకు కావలసినదానిని ఎంచుకొంటే, ఆ బస్సు తలుపు వద్ద ఉన్న స్పీకరు పలుకుతుంది. ఆ శబ్దాన్ని అనుసరించి అతడు ఎవరి సాయం లేకుండా బస్సెక్కవచ్చును. ముంబయిలోని బెస్ట్ బస్సులలో దీనిని పరీక్షించారు. తెలంగాణ ఆర్టీసీ 2023లో బస్సు రాకను ఫోనులో తెలిపే 'గమ్యం' యాప్‌ను ప్రవేశపెట్టింది. బస్సు ఎంత దూరంలో ఉన్నదో చెప్పగల వ్యవస్థకు, స్టాపులో ఆగిన మూడు బస్సులలో ప్రయాణికుని బస్సు ఏదో, తలుపు ఎటున్నదో చెప్పడం తరువాతి మెట్టు.

విపత్తు వేళ

ప్రకంపన ప్రాణరక్షణ సాధనం కూడా. తీరప్రాంతంలో తుపాను హెచ్చరికను మైకులలో చాటింపు వేసినా, సైరను మోగించినా రాత్రి నిద్రలో ఉన్న బధిర కుటుంబానికి అది చేరదు. 2023లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, టెలికాం శాఖ కలిసి సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికలను దేశంలోని వివిధ ప్రాంతాలలో పరీక్షించినప్పుడు, ఫోన్లు ఒక్కసారిగా బిగ్గరగా మోగి, అదిరిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఈ పద్ధతిలో ఫోను నంబర్ల జాబితా అవసరం లేదు. ఎంచుకొన్న టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లన్నింటికీ సందేశం ఒకేసారి చేరుతుంది. అయితే బల్లపై ఉన్న ఫోను అదిరితే నిద్రలో ఉన్నవారికి తెలియదు. మణికట్టుకున్న పట్టీ గాని, దిండు కింద ఉంచే సాధనం గాని అదిరితే తెలుస్తుంది. పునరావాస ప్రణాళికలు రూపొందించే జిల్లా అధికారులు ఈ చిన్న తేడాను గమనించవలసి ఉంది.

చట్టం ఏమంటున్నది

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్య 7 నుంచి 21కి పెరిగింది. బహుళ వైకల్యాల కింద అంధబధిరత్వాన్ని కూడా ప్రత్యేకంగా పేర్కొన్నారు. భవనాలు, రవాణా, సమాచార సాంకేతికతలలో అందుబాటు ప్రమాణాలను పాటించడం ఈ చట్టం ప్రకారం విధి. అయితే 2017 నిబంధనలలోని 15(1) నియమం పేర్కొన్న మార్గదర్శకాలు చాలావరకు సిఫారసుల రూపంలోనే ఉండిపోయాయి. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న తీర్పు వెలువరించిన సుప్రీంకోర్టు, ఈ నియమం చట్టం ఉద్దేశానికి విరుద్ధమని ప్రకటించింది. తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను విడదీసి 3 నెలలలోగా రూపొందించవలసిందిగా కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఈ తీర్పుకు తోడ్పడిన క్షేత్రస్థాయి నివేదికను హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రం సమర్పించడం గమనార్హం. అందుబాటు అన్నది దయతో చేసే ఏర్పాటు కాదని, తప్పనిసరి కనీస ప్రమాణం ఉండి తీరాలని ఈ తీర్పు సారాంశం.

అధికారులు గమనించవలసిన అంశాలు

ఒకటి: పరికరం లేనివారికి కూడా స్థలం పనిచేయాలి. ఖరీదైన గడియారం కొనగలవారికి మాత్రమే సమాధానం చెప్పే కూడలి బహిరంగ స్థలం అనిపించుకోదు. అదిరే మీట, ఉబ్బెత్తు పలక మొదట రావాలి. ఫోనుకు, గడియారానికి అందే సంకేతం వాటికి అదనంగా చేరాలి. బ్యాటరీ అయిపోయిన రోజున కూడా మనిషి రోడ్డు దాటవలసే ఉంటుంది.

రెండు: సంకేతాల భాష ఒక్కటిగా ఉండాలి. ఒక ఊరిలో రెండుసార్లు అదిరితే 'ఆగు' అని, మరో ఊరిలో అదే 'సాగు' అని అర్థమైతే అది సౌకర్యం కాదు, ప్రాణాపాయం. ఎర్రదీపానికి దేశమంతటా ఒకే అర్థం ఉన్నట్లే ప్రకంపనకు కూడా ఉండాలి.

మూడు: నిర్వహణకు నిధులు కేటాయించాలి. బ్యాటరీ అయిపోయిన బ్లూటూత్ పెట్టె మౌనంగా ఉంటుంది. పలకల వరుస విద్యుత్ స్తంభం వద్దకు చేరి ఆగిపోతే అది దారి చూపదు, దెబ్బ తగిలిస్తుంది. పనిచేయని సంకేతం కన్నా తప్పుడు సంకేతం ఎక్కువ ప్రమాదకరం. అందుచేత ప్రారంభోత్సవపు వ్యయంతో పాటు ఏటేటా తనిఖీకి అయ్యే వ్యయాన్ని కూడా అంచనాలలో చేర్చాలి.

నాలుగు: వ్యక్తిగత సమాచారానికి రక్షణ ఉండాలి. గోడమీది పెట్టె తన సంఖ్యను ప్రసారం చేస్తే చాలు, దాటిపోయినవారి వివరాలు సేకరించనవసరం లేదు. దివ్యాంగులు ఏ వేళలో ఎక్కడికి వెళుతున్నారన్న సమాచారం పరుల చేతిలో పడితే వారి భద్రతకే ముప్పు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టాన్ని దృష్టిలో ఉంచుకొని ఒప్పందాలు రాసుకోవాలి.

ఐదు: ఉపయోగించేవారే పరీక్షించాలి. కళ్ళకు గంతలు కట్టుకొని పది అడుగులు వేసిన అధికారి అనుభవం, జీవితమంతా చూపు లేకుండా నడిచిన వ్యక్తి అనుభవానికి సాటిరాదు. పనులు పూర్తయ్యాక కాకుండా నమూనా దశలోనే అంధుల, అంధబధిరుల సంఘాల ప్రతినిధులతో నడిపించి చూడాలి.

పాత్రికేయ మిత్రులు కూడా కొత్త పరికరాల విడుదల వార్తలను రాసేటప్పుడు రెండు ప్రశ్నలు అడగడం ఉపయుక్తం. ఈ పరికరానికి సమాధానం చెప్పగల కూడళ్ళు, బస్సులు, స్టేషన్లు మన ఊరిలో ఎన్ని ఉన్నాయి? పరికరం లేనివారి మాటేమిటి? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులే పాఠకులకు అసలైన సమాచారం.

కొత్త సిగ్నలు స్తంభానికి అదిరే మీట ఉంటుందా, ఉండదా అన్నది స్తంభం నాటిన రోజున నిర్ణయమయ్యే విషయం కాదు. టెండరు పత్రంలో ఆ ఒక్క వాక్యం రాసిన రోజునో, రాయకుండా వదిలిన రోజునో అది నిర్ణయమైపోతుంది. స్తంభం నాటిన తరువాత ఆ సదుపాయం చేర్చడానికి రోడ్డును మళ్ళీ తవ్వాలి, మళ్ళీ ఖర్చు చేయాలి. అంచనాల దశలోనే ఆ వాక్యాన్ని చేర్చడానికి అదనంగా కావలసినది కొంత శ్రద్ధ మాత్రమే.